బాణం గుర్తు అబద్ధం ఆడకూడదు

మా ఇబ్రహీంపట్నం బడుల్లో ఒకదానిలో పదో తరగతి పూర్తిచేసి, ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్న కుర్రవాడొకడు తాను చదివిన బడికి ఒక ప్రోగ్రాము రాసి ఇచ్చాడు. పరీక్ష మార్కులు ఎక్కించి జాబితా అచ్చువేసే ప్రోగ్రాము అది. పైథాన్ భాషలో, టికింటర్ అనే సాధనంతో రాశాడు. తెర మీద పిల్లల పేర్లు, ప్రతి పేరు ఎదుట మార్కుల గడి, అడుగున "భద్రపరచు" అనే బటన్. చూడడానికి చక్కగా ఉంది.

మొదటిసారి మార్కులు ఎక్కించిన రోజున నేనూ ఆ గదిలో ఉన్నాను. లెక్కల టీచరు 42 మంది మార్కులు ఓపికగా ఎక్కించి బటన్ నొక్కారు. ఏమీ జరగలేదు. తెర అలాగే ఉంది. బాణం గుర్తు బాణంలాగే ఉంది. "ఇది నడుస్తలేదు బిడ్డా" అంటూ ఆవిడ మళ్ళీ నొక్కారు. కాస్సేపు చూసి మూడోసారి కూడా నొక్కారు. మరి కొన్ని సెకన్ల తరవాత ప్రింటరు మేలుకొని జాబితా మీద జాబితా వేయసాగింది. తీరా చూస్తే ఒక్కొక్కరి పేరు మూడేసిసార్లు నమోదయింది. 42 మంది ఉన్న తరగతిలో 126 మంది తేలారు! చిత్రమేమిటంటే తరగతి సగటు మార్కు మాత్రం సరిగానే వచ్చింది. అన్నీ మూడింతలైతే సగటు మారదు కదా. అందుచేత జాబితాలో పేర్లు లెక్కపెట్టేదాకా ఆ పొరపాటు ఎవరికీ తెలియలేదు.

"మేడం తొందరపడి మూడుసార్లు నొక్కారండీ" అన్నాడు కుర్రవాడు నాతో. అతని ప్రోగ్రాము మొదటి నొక్కుకే పని మొదలుపెట్టింది నిజమే. కాని తప్పు టీచరుది అంటే నేను ఒప్పుకోను. ప్రోగ్రాము పనిలో మునిగి ఉన్నంతసేపూ తెర మీది బాణం "నేను ఖాళీగానే ఉన్నాను, ఎప్పుడైనా నొక్కండి" అని చెబుతూనే ఉంది. అది అబద్ధం. అబద్ధం నమ్మినవారిది తప్పా, ఆడినవారిది తప్పా?

మీలో చాలామంది మౌస్ కంటె ముందే సెల్‌ఫోన్ పట్టుకుని ఉంటారు. ఫోన్ తెర మీద మన వేలే బాణం. డెస్క్‌టాప్ కంప్యూటరు సంగతి వేరు. అక్కడ చెయ్యి బల్ల మీద ఉంటుంది, చూపు తెర మీద ఉంటుంది. ఆ రెంటినీ కలిపేది కర్సర్ అనే ఆ చిన్న గుర్తు ఒక్కటే. అంతేకాదు, వేలు చేయలేని పని ఒకటి అది చేస్తుంది: నొక్కకముందే మాట్లాడుతుంది. అక్షరాల మీదికి పోతే నిలువు గీతగా మారి "ఇక్కడ రాయవచ్చు" అంటుంది. లింకు మీదికి పోతే చెయ్యి ఆకారం దాల్చి "నొక్కితే మరోచోటికి పోతావు" అంటుంది. కిటికీ అంచుకు చేరితే రెండు మొనల బాణమై "పట్టి లాగవచ్చు" అంటుంది. మీరు రోజూ ఈ మాటలు వింటూనే ఉన్నారు. అలవాటైపోయి, విన్నామన్న సంగతి కూడా మీకు తెలియడం లేదు.

కర్సర్ అంటే లాటిన్ భాషలో పరుగెత్తేవాడు. కాలిక్యులేటర్లు రాకముందు ఇంజనీర్లు వాడిన స్లైడ్ రూల్ మీద, సన్నని గీత గల గాజు పలక ఒకటి అటూ ఇటూ జరిగేది. దాన్నీ కర్సర్ అనేవారు. అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన ప్రకారం బిల్ ఇంగ్లిష్ 1964లో చెక్క డబ్బాతో మొదటి మౌస్ తయారుచేశాడు. 1968 డిసెంబరు 9న ఎంగెల్‌బార్ట్ దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలో పదిమందికీ చూపించినప్పుడు, తెర మీది బాణం నిటారుగా పైకి చూసేది. అది పక్కకు వాలింది తరవాత, జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో. 1973 నాటి ఆల్టో కంప్యూటరు తెర మీద అడ్డంగా 606, నిలువుగా 808 చుక్కలుండేవి. కర్సర్‌కు దక్కినవి అడ్డానికి 16, నిలువుకు 16, అంటే మొత్తం 256 చుక్కలు. ఇన్ని తక్కువ చుక్కలతో నిటారు బాణం గీస్తే రెండు పక్కలా ఏటవాలు గీతలు మెట్లు మెట్లుగా వస్తాయి. బాణాన్ని ఎడమకు వాల్చితే ఒక అంచు తిన్నని నిలువు గీత అవుతుంది, రెండోది సరిగ్గా 45 డిగ్రీల గీత అవుతుంది. గళ్ళ కాగితం మీద మీరే గీసి చూడండి, తేడా తెలుస్తుంది.

"ఆగు" అని చెప్పే గుర్తు కూడా ఆ రోజుల నాటిదే. 1981లో జిరాక్స్ స్టార్ కంప్యూటరు ఇసుక గడియారాన్ని చూపింది. 1984లో వచ్చిన మెకింతాష్ కోసం సుసాన్ కేర్ అనే చిత్రకారిణి చేతి గడియారం బొమ్మ గీసింది. విండోస్‌లో చాలా ఏళ్ళు ఇసుక గడియారమే ఉండి, 2007లో అమ్మకానికి వచ్చిన విస్టాతో తిరిగే నీలి చక్రం అయింది. కంప్యూటరు మన దేశంలో పుట్టి ఉంటే, అడుగున బెజ్జం ఉన్న గిన్నె నీళ్ళలో మునిగే బొమ్మ వచ్చేదేమో! పూర్వం మనవాళ్ళు గడియలు లెక్కపెట్టింది దానితోనే. కాకపోతే ఒక గడియ అంటే 24 నిమిషాలు. అంతసేపు ఆగమంటే లెక్కల టీచరు బటన్‌ను ఎన్నిసార్లు నొక్కేవారో.

ఇంతకీ మూడుసార్లు నొక్కితే మూడుసార్లు ఎందుకు నమోదు కావాలి? రేషన్ దుకాణం తెరవకముందే జనం తమ సంచులు వరుసలో పెట్టి పోవడం మీరు చూసే ఉంటారు. ప్రోగ్రాము ముందు కూడా అలాంటి వరుస ఒకటి ఉంటుంది. మౌస్ నొక్కు, మీటల నొక్కు, తెరను మళ్ళీ గీయమన్న కబురు, అన్నీ ఆ వరుసలో చేరతాయి. ప్రోగ్రాము ఒక్కొక్కదాన్ని తీసి, ఆ పని ముగించి, తరవాతిదాన్ని అందుకుంటుంది. మొదటి నొక్కు తాలూకు పని నడుస్తుండగా టీచరు నొక్కిన రెండో నొక్కు, మూడో నొక్కు ఎక్కడికీ పోలేదు. సంచుల్లాగా వరుసలో కూచున్నాయి.

కుర్రవాడు మంచివాడు. నేను చెప్పింది విని, పని మొదట్లో కర్సర్‌ను గడియారంగా మార్చే వాక్యం ఒకటి, చివర మళ్ళీ బాణంగా మార్చే వాక్యం ఒకటి చేర్చాడు. టికింటర్‌లో ఆ గడియారం పేరు "వాచ్". మర్నాడు చూస్తే గడియారం కనిపించనే లేదు! ఎందుచేతనంటే, గుర్తు మార్చమన్న మాట కూడా తెర దాకా పోవాలి కదా. ప్రోగ్రాము ఊపిరి తిప్పుకోకుండా పనిలోకి దిగితే ఆ మాట తెర దాకా పోదు. ఉత్తర్వు రాశాడు గాని ఊళ్ళో చాటింపు వేయించలేదన్నమాట. పని మొదలుపెట్టే ముందు "అప్‌డేట్" అనే ఆజ్ఞ ఇచ్చి తెరను ఒకసారి తాజా చేయించాక గడియారం కనిపించింది.

అయినా పూర్తిగా కుదరలేదు. మార్కులు రాసే గడుల మీదికి పోతే గడియారం మాయమై నిలువు గీత వస్తోంది. తెర మీది ప్రతి వస్తువుకూ సొంత కర్సర్ ఉండవచ్చు. సొంతంగా లేని వస్తువులు మాత్రమే పెద్ద కిటికీ కర్సర్‌ను అరువు తెచ్చుకుంటాయి. రాత గడులకు నిలువు గీత పుట్టుకతోనే ఉంది. కిటికీ అంతా "ఆగండి" అంటుంటే గడులు "రాయండి, రాయండి" అంటున్నాయి. ఒకే ఇంట్లో రెండు మాటలు! గడుల కర్సర్‌ను కూడా మార్చాడు.

అసలు ముప్పు ఆ తరవాతి వారం వచ్చింది. పరీక్షకు రాని ఒక అమ్మాయి గడిలో టీచరు అంకె బదులు "గైర్హాజరు" అని రాశారు. ప్రోగ్రాము దాన్ని అంకెగా మార్చబోయి, కుదరక, పనిని నడిమధ్యలో వదిలేసింది. కర్సర్‌ను మళ్ళీ బాణంగా మార్చే వాక్యం చివర ఉంది. అక్కడిదాకా పోతే కదా! గడియారం అలాగే నిలిచిపోయింది. ఈసారి టీచరు బుద్ధిగా ఆగారు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టేదాకా ఆగారు. ఆగమన్నది కనుక ఆగారు. మొదటి అబద్ధం కంటె ఈ రెండో అబద్ధం నాకు ఎక్కువ కష్టం కలిగించింది.

మా ఊరి పెద్ద చెరువు మీకు తెలిసే ఉంటుంది. కుతుబ్‌షాహీల కాలం నాటిదని చెప్పుకుంటారు. చెరువులకు తూము ఉంటుంది, తూము ఎత్తి పొలాలకు నీరు వదిలే మనిషిని మన పల్లెల్లో నీరటి అనేవారు. తూము ఎత్తడం గొప్ప పని కాదు, ఎవరైనా ఎత్తగలరు. మధ్యలో వాన వచ్చినా, గట్టు మీద ఎవరో తగాదాకు దిగినా, తనకు జ్వరం వచ్చినా, వేళకు తూము దించేవాడే నీరటి. ప్రోగ్రాములో ఆ నీరటి పని చేసే మాట ఒకటి ఉంది. పైథాన్, జావా, సీ షార్ప్ భాషలలో దాన్ని "ఫైనల్లీ" అంటారు. ముందు "ట్రై" అని చెప్పి దాని కింద చేయవలసిన పని రాయాలి. ఆ పని సవ్యంగా ముగిసినా, మధ్యలో చెడినా, "ఫైనల్లీ" కింద రాసినది జరిగి తీరుతుంది. బాణాన్ని తిరిగి తెచ్చే వాక్యం ఉండవలసిన చోటు అదే.

క్యూటీ అనే మరో సాధనంలో దీనికొక పద్ధతి ఉంది. అక్కడ ప్రోగ్రామంతటికీ కలిపి కర్సర్‌ను మార్చినప్పుడల్లా, కొత్త గుర్తు పాతదాని మీద పళ్ళెంలాగా పేరుస్తారు. తీసేయమన్నప్పుడు పైదాన్ని ఒక్కదాన్నే తీస్తారు. ఎన్నిసార్లు పెట్టామో సరిగ్గా అన్నిసార్లు తీస్తేనే అడుగున ఉన్న బాణం బయటపడుతుంది. మూడు పెట్టి రెండు తీస్తే మళ్ళీ మధ్యాహ్నం గంటదాకా ఆగడమే.

ఇంకొక సంగతి. గడియారం గుర్తు చెబుతుందే గాని చెయ్యి పట్టుకుని ఆపదు. గడియారం కనిపిస్తుండగా నొక్కినా ఆ నొక్కు వరుసలో చేరుతుంది. అందుకని పని మొదలవగానే బటన్‌ను కూడా మూసేయాలి. పని ముగిశాక వెంటనే తెరవకూడదు. ముందు వరుసలో పోగయిన నొక్కుల్ని మూసి ఉన్న బటన్ మీదనే ఖర్చయిపోనిచ్చి, ఆ తరవాత తెరవాలి. లేకపోతే అంత కష్టపడీ 126 మందే తేలతారు.

ప్రతి చిన్న పనికీ గడియారం చూపమని నేననడం లేదు. కంప్యూటర్ల వాడకాన్ని పరిశీలించిన జేకబ్ నీల్సన్ 1993లో వెలువడిన తన పుస్తకంలో మూడు హద్దులు చెప్పాడు. సెకనులో పదో వంతు లోపల జవాబు వస్తే వెంటనే వచ్చినట్లే ఉంటుంది. ఒక సెకను దాకా ఆలస్యం తెలుస్తుంది గాని ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే మనసు మరోచోటికి పోతుంది. అర సెకను పనికి గడియారం పెడితే అది మెరిసి మాయమై చిరాకు పుట్టిస్తుంది. పది సెకన్లు మించే పనికి గడియారం ఒక్కటే చాలదు, ఎంత అయిందో, ఎంత మిగిలిందో కూడా చూపాలి.

ఇక పాలపిట్ట కథ. గడియారం సరిగా నడవడం మొదలుపెట్టాక కుర్రవాడికి హుషారు పుట్టింది. మామూలు బాణం ఎందుకని, దాని బదులు రాష్ట్ర పక్షి పాలపిట్టను గీసి కర్సర్‌గా పెట్టాడు. 32 చుక్కల వెడల్పు, 32 చుక్కల ఎత్తు, నీలి రెక్కలు. నిజంగా బాగా గీశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. కాని ఆ రోజు ఒకరి మార్కులు పై వరుసలోని మరొకరి గడిలో పడ్డాయి!

కర్సర్ బొమ్మ ఎంత పెద్దదైనా, కంప్యూటరు లెక్కలోకి తీసుకునేది అందులో ఒక్క చుక్కనే. దాన్ని హాట్‌స్పాట్ అంటారు. బాణానికి అది మొన దగ్గర, గురి చూసే కూడిక గుర్తుకు నట్టనడుమ ఉంటుంది. విండోస్‌లో ఐకాన్ ఫైలుకూ కర్సర్ ఫైలుకూ అమరికలో ఉన్న ముఖ్యమైన తేడా ఈ చుక్క ఎక్కడుందో చెప్పే రెండు అంకెలే. కుర్రవాడు ఆ అంకెలు మార్చలేదు. రెండూ సున్నాలుగా ఉండిపోయాయి, అంటే బొమ్మ ఎడమ పై మూల. పాలపిట్ట ముక్కు చూస్తే కిందికి వంగి, పై అంచుకు 24 చుక్కల దిగువన ఉంది. మార్కుల వరుస ఎత్తు కూడా 24 చుక్కలే. టీచరు ముక్కును సరైన గడి మీద ఉంచి నొక్కితే, కంప్యూటరు ఖచ్చితంగా ఒక వరుస పైన నొక్కినట్లు తీసుకుంది. అదృష్టం కొద్దీ ఆవిడ మూడో పేరు దగ్గరే పసిగట్టారు.

ముక్కు దగ్గరికి ఆ చుక్కను జరిపితే ఆ ఇబ్బంది తీరుతుంది, నిజమే. అయినా పాలపిట్ట వద్దనే నేను వాదించాను. ఆ బడిలో సోషల్ చెప్పే సార్‌కు చూపు మందం. ఆయన తన కంప్యూటరు సెట్టింగులలో బాణాన్ని పెద్దదిగా, ముదురు రంగులో పెట్టుకున్నారు. ప్రోగ్రాము "మామూలు బాణం ఇవ్వు" అని కంప్యూటరును అడిగితే ఆయనకు ఆ పెద్ద బాణమే వస్తుంది. సొంత బొమ్మ పెడితే ఆయన చేసుకున్న ఏర్పాటు ఆ కిటికీలో చెల్లదు. అందరూ మెచ్చుకున్న పాలపిట్టను ఆయన తెర మీద వెతుక్కోవలసి వచ్చింది.

కర్సర్ కళ్ళకు ఆనాలన్న శ్రద్ధ తొలినాళ్ళ ప్రోగ్రామర్లకు ఎంత ఉండేదో చూడండి. పాత విండోస్ కర్సర్‌లో ఒక్కొక్క చుక్కకు రెండు అంకెలు దాచేవారు. తెర మీది రంగును మొదటి అంకెతో "యాండ్" చేసి, వచ్చినదాన్ని రెండో అంకెతో "ఎక్స్ఆర్" చేసేవారు. 0, 0 అయితే చుక్క నల్లగా, 0, 1 అయితే తెల్లగా వస్తుంది. 1, 0 అయితే వెనక ఉన్నది ఉన్నట్లే కనిపిస్తుంది. 1, 1 అయితే వెనకనున్న రంగు తలకిందులవుతుంది: తెలుపు మీద నలుపు, నలుపు మీద తెలుపు. నిలువు గీత కర్సర్‌ను ఇలా తలకిందులయ్యే చుక్కలతో చేశారు. అందువల్ల తెల్ల కాగితం మీదికి పోయినా, నల్ల పలక మీదికి పోయినా అది కనబడకుండా పోయేది కాదు. రంగుల కర్సర్లు వచ్చాక పద్ధతి మారింది.

అలాగని ఆ పెద్దలకు ఆట తెలియదనుకోకండి. 1984లో అమెరికాలోని ఎమ్‌ఐటీలో మొదలైన ఎక్స్ విండో అనే వ్యవస్థలో కర్సర్ గుర్తులు డెబ్బైకి పైగా ఉన్నాయి. వాటిలో పడవ ఉంది, సాలెపురుగు ఉంది, కాఫీ కప్పు ఉంది, సముద్రపు దొంగల పుర్రె కూడా ఉంది! టికింటర్ ఆ పేర్లన్నిటినీ ఇప్పటికీ గుర్తుపడుతుంది. కావాలంటే మీ ప్రోగ్రాములో పెట్టి చూడండి, సరదాగానే ఉంటుంది. మీ సొంత కంప్యూటరులో సాలెపురుగు తిరిగితే నాకేమీ అభ్యంతరం లేదు. ఇంకొకరి చేతికి ఇచ్చే ప్రోగ్రాములో దాన్ని పెట్టేముందు, అది ఆ మనిషికి ఏమని చెబుతోందో ఒకసారి అడగమంటాను. నేను చూసిన పాఠ్యపుస్తకాలలో కర్సర్ మార్చడాన్ని రంగులు, అక్షరాల సోకులతో కలిపి అలంకారాల కింద చెప్పారు. ఏ పేరు రాస్తే ఏ గుర్తు వస్తుందో పట్టిక ఇచ్చారు. ఎప్పుడు మార్చాలో, మార్చినదాన్ని ఎవరు వెనక్కి తేవాలో రాయలేదు. నన్నడిగితే పట్టికను తీసేసి ఆ రెండు సంగతులు రాయమంటాను. పట్టిక ఎక్కడైనా దొరుకుతుంది.

"బాణాన్ని ఎవరు చూస్తారండీ?" అని కుర్రవాడు ఒకసారి అడిగాడు. ఇంటి గుమ్మాన్ని కూడా ఎవరూ చూడరు, అది ఉండవలసిన చోట ఉన్నంతకాలం. ఈ మాట అన్నాక అతను కాసేపు మాట్లాడలేదు.

పాలపిట్ట ఇప్పుడు ఆ ప్రోగ్రాము మొదటి పేజీలో, పేరు పక్కన బొమ్మగా కూచుంది. అక్కడ అందంగానే ఉంది. మొన్న వేసిన జాబితాలో 42 పేర్లే వచ్చాయి. ఒక గడిలో మాత్రం "గైర్హాజరు" అని ఉంది. దాన్ని సున్నాగా లెక్కకట్టాలా, అసలు సగటులో చేర్చకుండా వదిలేయాలా అన్నదాని మీద టీచరుకూ కుర్రవాడికీ ఇంకా తగాదా తెగలేదు.